పగులు ఎక్కడ మొదలైంది? కారు ముందు అద్దం లోపాలను గుర్తించే తీరు

రేణిగుంట నుంచి తిరుపతి వచ్చే దారిలో కంకర టిప్పర్ వెనక పోతున్న కారులో ‘టక్’మని ఒక చప్పుడు వినిపిస్తుంది. దిగి చూస్తే ముందు అద్దం మీద ఆవగింజంత చుక్క. ఇంత చిన్నదానికి షాపుకేం వెళ్తాంలే అని వదిలేస్తారు. రెండు వారాల తర్వాత, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారెక్కి ఏసీ పెట్టగానే ఆ చుక్క నుంచి జానెడు గీత పాకుతుంది. ఇంకొకరి కారుకు ఏ చప్పుడూ లేదు, ఏ చుక్కా లేదు. రాత్రి ఇంటి ముందు పెట్టిన బండికి పొద్దున చూస్తే అద్దం కింది అంచు నుంచి పైకి ఒక గీత. ఇద్దరూ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ఇద్దరికీ వచ్చే జవాబు ఒకటే: “రాయి తగిలిందన్నా, వారంటీలో రాదు.”

మొదటి కారు విషయంలో ఆ మాట నిజం. రెండో కారు విషయంలో నిజమో కాదో తేల్చడానికి కావలసిన ఆధారం ఆ అద్దం మీదే ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే పాత అద్దం తీయించేస్తారు. తీసిన అద్దం అదే సాయంత్రం పాత సామాను బండిలో వెళ్ళిపోతుంది. వేల రూపాయల నష్టం మొదలయ్యేది అక్కడే.

ముందు అద్దం తయారీ గురించి కొంచెం తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. పక్క అద్దాలు టఫెన్డ్ రకం. పగిలితే కలకండ పలుకుల్లా చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి. ముందు అద్దం లామినేటెడ్ రకం. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే సాగే ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర మందం మామూలుగా 0.76 మిల్లీమీటర్లు. అద్దం పగిలినా ముక్కలు దానికి అతుక్కునే ఉంటాయి. ఈ ఆలోచనకు తొలినాళ్ళలో పేటెంట్ తీసుకున్నవారిలో ఒకరు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త, 1909లో. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన కార్ల ముందు అద్దం లామినేటెడ్‌దే కావాలంటుంది. కాంతిలో కనీసం 70 శాతం లోపలికి రావాలని కూడా అదే నిబంధన చెబుతుంది.

గాలీ వానా ఆపడం ఈ అద్దం చేసే పనుల్లో చిన్నది. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో పైకి లేచి, ఈ అద్దానికి ఆనుకుని మనిషి వైపు తెరుచుకుంటుంది. కారు పల్టీ కొడితే పైకప్పు అణగకుండా కొంత బరువు మోసేదీ ఇదే. అద్దం సరిగ్గా అతుక్కోకపోతే ఆ రెండు రక్షణలూ బలహీనపడతాయి. దీన్ని అలంకారం సామానులా చూసి, ఎక్కడ చవగ్గా వస్తే అక్కడ వేయించుకోవడం నిజంగా ప్రమాదకరం.

పగులును చదవడం

ఎండ వెలుతురులో గీత రెండు కొసలనూ వెతకాలి. ఒక కొసన గాని, మధ్యలో గాని చిన్న గుంట ఉందా? బాల్‌పెన్ మొనను గీత వెంబడి మెల్లగా జరిపితే, గుంట ఉన్నచోట మొన తట్టుకుంటుంది. కంటికి ఆనని దెబ్బ కూడా ఇలా దొరుకుతుంది. గుంట చుట్టూ నక్షత్రంలా సన్నని గీతలో, చందమామలాంటి గుండ్రటి మచ్చో ఉంటే రాయి తగిలిందనడంలో సందేహం అక్కర్లేదు. దాని గురించి వాదన పెట్టుకోవడం కాలయాపనే.

గుంట లేకుండా, అంచు దగ్గరే మొదలై, మొదటి అంగుళం దాదాపు అంచుకు నిలువుగా పైకి వచ్చి ఆ తర్వాత వంకర తిరిగిన గీత వేరే జాతి. గ్లాస్ పనివాళ్ళు దీన్ని స్ట్రెస్ క్రాక్ అంటారు. గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. కోసి, సానపట్టిన అంచులోనే కంటికి కనబడని నెరియలు ఉంటాయి. మే నెలలో తిరుపతి ఎండకు నిలిపిన కారు అద్దం నడిమి భాగం కాగిపోతుంది. ఫ్రేమ్ చాటున ఉన్న అంచు అంత వేడెక్కదు. నడుమ భాగం వ్యాకోచిస్తూ అంచును లాగుతుంది. నికార్సయిన అద్దం ఈ లాగుడును ఏళ్ళ తరబడి భరించేలా తయారవుతుంది. అంచులో ముందే చిన్న పెచ్చు ఉంటేనో, వంచి చల్లార్చే దశలో గాజులో ఒత్తిడి మిగిలిపోయి ఉంటేనో, ఫ్రేమ్‌లో ఎక్కడైనా ఎత్తుపల్లం ఉండి అద్దాన్ని నొక్కుతుంటేనో ఆ బలహీనమైన చోట తెగుతుంది.

పగులు ఏ పలకలో ఉందన్నది కూడా చూడాలి. లామినేటెడ్ అద్దానికి రెండు పలకలు ఉంటాయి కాబట్టి బయట గోరు పెట్టి ఒకసారి, లోపల ఒకసారి గీత మీద అడ్డంగా గీయాలి. రోడ్డు మీది రాయి దెబ్బ మామూలుగా బయటి పలకనే పగలగొడుతుంది. గోరుకు లోపలి వైపే తగిలి బయట నున్నగా ఉంటే, కారణం లోపల వెతకాలి: డాష్‌క్యామ్‌ను గట్టిగా నొక్కి అతికించారా, ఫోన్ స్టాండ్ తగిలిందా, లేక ఫిట్టింగ్ అప్పటి ఒత్తిడా.

ఒక జాగ్రత్త ఉంది. అంచున మొదలైన ప్రతి గీతా తయారీ లోపం అనుకోకూడదు. చుట్టూ ఉన్న నల్ల పట్టీ మీద, రబ్బరు మోల్డింగ్ చాటున కూడా రాయి తగలవచ్చు. మోల్డింగ్ తీసి చూసేదాకా రెండు వైపులా తొందరపడకపోవడమే న్యాయం. తీసేటప్పుడు యజమాని పక్కనే ఉండాలి, ఫోన్‌లో వీడియో తీయాలి.

చుక్క ఇంకా చుక్కగానే ఉంటే అద్దం మార్చాల్సిన పని లేదు. పాత రూపాయి బిళ్ళ కంటే చిన్న దెబ్బను, అంచుకు దూరంగా ఉండి డ్రైవర్ చూపుకు ఎదురుగా లేకపోతే, రెజిన్ అనే జిగురు ద్రవం ఎక్కించి అల్ట్రావయొలెట్ దీపంతో గట్టిపరచవచ్చు. మచ్చ పూర్తిగా పోదు, పాకడం ఆగుతుంది. దుమ్మూ నీళ్ళూ దిగకముందే చేయించాలి. అందుకే దెబ్బ తగిలిన రోజే దాని మీద పారదర్శకమైన టేపు ముక్క అతికించాలి. పూతలపట్టు దారిలోనో మొగిలి ఘాట్‌లోనో తగిలిన దెబ్బకు ఇల్లు చేరేదాకా అదే మందు. అలాంటి అద్దం మీద చన్నీళ్ళు కొట్టడం, ఏసీ గాలిని నేరుగా అద్దానికి పెట్టడం పగులును పిలిచి తెచ్చుకోవడమే.

పగలని అద్దంలో లోపాలు

కొన్ని లోపాలు పగులులా కనబడవు, కానీ నడిపే మనిషిని రోజూ వేధిస్తాయి. మొదటిది వంకర చూపు. గాజును కొలిమిలో మెత్తబరిచి వంచేటప్పుడు వంపు ఒకేలా రాకపోతే దాని గుండా చూసినప్పుడు వస్తువులు అలలాడినట్టుంటాయి. సాయంత్రం దాకా నడిపితే తలనొప్పి, కళ్ళు లాగడం. కళ్ళ డాక్టర్ దగ్గరకు వెళ్ళి అద్దాలు మార్చుకున్నా తగ్గదు, ఎందుకంటే లోపం ఉన్నది కారు అద్దంలో. పరీక్ష సులువు. కారును కరెంటు స్తంభానికో, అపార్ట్‌మెంట్ గోడ అంచుకో ఎదురుగా కొంత దూరంలో నిలిపి, డ్రైవర్ సీట్లో కూర్చుని తలను మెల్లగా పక్కలకు కదపాలి. స్తంభం నిటారుగా జరగాలి. మధ్యలో పాములా మెలిక తిరిగితే ఆ చోట వంపు సరిగ్గా లేదు. అంచుల్లో కాస్త వంకర అన్ని అద్దాల్లోనూ ఉంటుంది, ప్రమాణాలు కూడా అక్కడ కొంత సడలింపు ఇస్తాయి. స్టీరింగ్‌కు ఎదురుగా ఉంటే మాత్రం ఒప్పుకోకూడదు.

రాత్రిపూట ఎదురుగా వచ్చే లైటు పక్కన ఇంకో మసక లైటు జంటగా కనబడటం ఇంకో లోపం. రెండు పలకలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఇలా అవుతుంది. ఒకే లైటున్న మోటార్‌సైకిల్ దూరం నుంచి రెండు లైట్ల బండిలా అనిపిస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పగలు షోరూమ్‌లో చూస్తే ఇది దొరకదు. కొత్త కారును, కొత్త అద్దాన్ని ఒక్కసారైనా రాత్రి నడిపి చూడాలి.

మూడోది పొర విడిపోవడం. అద్దం మూలల్లో పాలలాంటి తెలుపు, బుడగలు, ఆకు ఈనెల్లా పాకే మసక కనబడతాయి. రెండు పలకలనూ పీవీబీతో కలిపి ఆటోక్లేవ్ అనే పీడన పాత్రలో సుమారు 140 డిగ్రీల దగ్గర గాలి పీడనంతో అతుకుతారు. అక్కడ గాలి మిగిలినా, తేమ చేరినా కొంతకాలానికి ఇలా బయటపడుతుంది. దీనికి రిపేరు లేదు. వారంటీ గడువులో ఉన్న కారుకు ఇది కనబడితే రాయి అనే మాటకే తావులేదు, అద్దం మార్చమని గట్టిగా అడగవచ్చు.

వీటితో కలిపి గందరగోళపడేవీ ఉన్నాయి. కొత్త కారు డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి లోపలి వైపు జిడ్డుపొరలా పేరుకుంటుంది. బోరు నీళ్ళతో కడిగి ఆరబెడితే ఉప్పు మచ్చలు మిగులుతాయి. వైపర్ రబ్బరు గట్టిపడి దుమ్ముతో ఈడ్చితే విల్లులాంటి గీతలు పడతాయి. మొదటి రెండూ శుభ్రం చేస్తే పోయేవే, మూడోది వాడకం వల్ల వచ్చేది. కాణిపాకంలోనో అలిపిరిలోనో వాహన పూజ అయ్యాక ఎండిన గంధం మీద వైపర్ వేయకుండా ముందు తడిగుడ్డతో తుడిస్తే ఆ గీతలు చాలావరకు తప్పుతాయి. అద్దం మీద నామాలు అతికించేవారు లోపలి మిర్రర్ వెనకున్న కెమెరాకు అడ్డం రాకుండా చూసుకోవాలి. బ్రేకు దానంతటదే వేసే కార్లకు కన్ను ఆ కెమెరాయే.

ఫిట్టింగ్‌లోనే అసలు కథ

మంచి కంపెనీ అద్దం తెచ్చి చెడ్డగా బిగిస్తే అది చెడ్డ అద్దమే. పాత అంబాసిడర్లకు, లారీలకు అద్దాన్ని రబ్బరు బీడింగ్‌లో కూర్చోబెట్టేవారు. ఇప్పటి కార్లకు యూరిథేన్ పేస్టుతో బాడీకి అతికిస్తారు. పాత అద్దం కోసేటప్పుడు కత్తి జారి ఫ్రేమ్ పెయింట్ గీసుకుపోతుంది. ఆ గీతకు ప్రైమర్ అనే అడుగు పూత వేయకుండా పేస్టు పూస్తే, పేస్టు కింద తుప్పు పుట్టి పొరలు పొరలుగా లేస్తుంది. తుప్పు మీద ఏ పేస్టూ నిలవదు. పాత పేస్టు గడ్డలు సమంగా చెక్కకపోతే కొత్త అద్దం వాటి మీద ఒరిగి కూర్చుంటుంది. బండి గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆ గడ్డ అద్దాన్ని ఒకే చోట పొడుస్తుంది. ఒకే కారుకు ఆరు నెలల్లో రెండుసార్లు, అదే మూల నుంచి పగులు వస్తే రాయిని, అద్దాన్ని వదిలేసి ఫ్రేమ్‌ను అనుమానించాలి. యాక్సిడెంట్ అయిన కారును కొన్నవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

యూరిథేన్ గాలిలోని తేమతో గట్టిపడే పదార్థం. ఎంతసేపటికి బండి కదిలించవచ్చో ఆ ట్యూబు తయారుచేసిన కంపెనీ రాసి ఇస్తుంది. ఒక రకానికి గంట, ఇంకో రకానికి చాలా గంటలు. “అయిపోయిందన్నా, తీసుకెళ్ళండి” అన్న మాటను నమ్మకుండా ట్యూబు మీద గడువు తేదీ చూపించమని, ఎంతసేపు ఆగాలో చెప్పమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఆ రోజు కారు తలుపులు దబాల్న వేయకూడదు. లోపలి గాలి ఒత్తిడికి పచ్చి పేస్టు మీద అద్దం కదులుతుంది, అందుకే ఒక కిటికీ కొంచెం దించి ఉంచాలి. ఒకరోజు వాటర్ వాష్‌కు పంపకూడదు. పేస్టు బదులు బాత్రూమ్ పనులకు వాడే సిలికాన్ పూసే పని కనబడితే వెంటనే ఆపించాలి. దానికి అద్దాన్ని ప్రమాదంలో నిలబెట్టే బలం లేదు.

మన ప్రాంతంలో ఫిట్టింగ్ లోపం బయటపడేది ఆలస్యంగా. వేసవిలో మార్చిన అద్దం ఆరు నెలలు నిక్షేపంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి రోజుల తరబడి వాన కురిసినప్పుడు కాలికింద కార్పెట్ చెమ్మగిల్లుతుంది, కారులో ముక్కిపోయిన వాసన వస్తుంది. నీరు పైనుంచి కారి డాష్‌బోర్డు కింది వైర్ల మీద పడితే ఖర్చు అద్దం ధరను దాటిపోతుంది. అప్పటికి బిల్లు ఎక్కడో పోయి ఉంటుంది. దీనికి విరుగుడు పేస్టు పూర్తిగా గట్టిపడ్డాక, అంటే రెండో మూడో రోజున, ఒకరు లోపల టార్చితో కూర్చుని ఇంకొకరు పైపుతో పది నిమిషాలు అద్దం చుట్టూ నీళ్ళు పోసి చూడటం. హైవే మీద ఈల వేసినట్టు గాలి చప్పుడు వినిపించినా అది అతుకులో సందు ఉందన్న హెచ్చరికే.

అద్దం బిగించకముందు ఒక్క నిమిషం చాలా విలువైనది. పేస్టు పూశాక నాలుగు అంచులూ కనబడవు. ఆలోపే అద్దాన్ని నిలబెట్టి అంచుల చుట్టూ పెచ్చులు ఉన్నాయేమో చూడాలి. దించేటప్పుడు మూల నేలకు తగిలిన అద్దంలో ఆ దెబ్బే మూడు నెలల తర్వాత ‘దానంతటదే వచ్చిన పగులు’ అవుతుంది. మూలన ఉన్న ముద్ర కూడా అప్పుడే చదవాలి: తయారీదారు పేరు, లామినేటెడ్ అన్న మాట, ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరిదో, నడుస్తోందో లేదో తెలుస్తుంది. ముద్ర ఫోటో తీసి దాచాలి, బిల్లులో అదే బ్రాండు రాయించాలి. కెమెరా ఉన్న కారైతే క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్ళీ సరిచేయడం, చేసినట్టు విడిగా రాయించాలి. పాత అద్దంతో ఫాస్టాగ్ కూడా పోతుంది. దాన్ని పీకి మళ్ళీ అతికించలేం, బ్యాంకు నుంచి కొత్తది తెచ్చుకోవాలి.

వారంటీనా, ఇన్సూరెన్సా

ఈ రెండింటిలో ఏది అడగాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకేసారి అడగలేం. ఇన్సూరెన్స్ ఫారంలో ‘రోడ్డు మీద రాయి తగిలి పగిలింది’ అని సంతకం పెట్టాక, తయారీ లోపమని కంపెనీ మీద వాదిస్తే ఆ సంతకమే ఎదురు నిలుస్తుంది. సర్వీస్ సెంటర్‌లో బండి అప్పగించేటప్పుడు రాసే జాబ్ కార్డు కూడా అంతే. సర్వీస్ అడ్వైజర్ అలవాటుగా ‘స్టోన్ హిట్’ అని కొడతాడు, కస్టమర్ చదవకుండా సంతకం పెడతాడు. గుంట కనబడని పగులైతే ‘అంచు నుంచి పగులు, దెబ్బ గుర్తు లేదు, కారణం పరీక్షించాలి’ అని రాయించి అప్పుడు సంతకం చేయాలి. పగులు కొసల దగ్గర మార్కర్‌తో తేదీ వేసి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీసిన ఫోటోలు ఆ మాటకు బలం.

ఇన్సూరెన్స్ వైపు వెళ్తే, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి అద్దం డబ్బు రాదు. సమగ్ర పాలసీ ఉంటే వస్తుంది. గాజు భాగాలకు తరుగుదల కోత మామూలుగా ఉండదు. రబ్బరు, ప్లాస్టిక్‌కు మాత్రం సగం కోస్తారు. 1500 సీసీ దాకా ఉన్న కార్లకు తప్పనిసరి మినహాయింపు, అంటే మన జేబు నుంచి పెట్టుకోవలసింది, 1,000 రూపాయలు. ఇంతవరకు అందరూ చెబుతారు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, దాని లెక్క మాత్రం ఎవరూ వేసి చూపించరు.

ఒకరికి సొంత నష్టం ప్రీమియం (సొంత కారు నష్టానికి కట్టే భాగం) 12,000 రూపాయలు, బోనస్ 50 శాతం అనుకుందాం. ఆయన కట్టేది 6,000. అద్దం బిల్లు 9,000 అయితే క్లెయిమ్ చేసి 8,000 పొందుతాడు. తర్వాతి ఏడాది బోనస్ సున్నా, 6,000 ఎక్కువ కట్టాలి. ఆపై ఏడాది 20 శాతం, 3,600 ఎక్కువ. తర్వాత 25, 35, 45 శాతాలు: 3,000, 1,800, 600. మొత్తం 15,000. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజంగా ఇంత కాకపోవచ్చు, అయినా 8,000 కోసం అంతకంటే ఎక్కువ పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ. బోనస్ రక్షణ యాడ్-ఆన్ ఉన్నవారికి, కెమెరాలూ సెన్సర్లూ ఉన్న ఖరీదైన అద్దాలకు ఈ లెక్క తిరగబడుతుంది. క్లెయిమ్ చేయదలిస్తే మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి ముందు తెలిపి, వాళ్ళు చూసేదాకా అద్దం తీయించకూడదు.

తయారీ లోపమని గట్టి ఆధారం ఉండి డీలర్ కాదంటే, కార్ల కంపెనీకి నేరుగా ఈమెయిల్ రాయడం తర్వాతి మెట్టు. అదీ పనిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. మనకు చిత్తూరులోనూ తిరుపతిలోనూ ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కారు చెన్నైలోనో బెంగళూరులోనో కొన్నా, ఫిర్యాదీ నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు ఫిర్యాదు రుసుము లేదు. గడువు, కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ళు.

ఆ చట్టంలో 38వ సెక్షన్ ఇక్కడ అక్కరకొస్తుంది. పరీక్ష చేయకుండా లోపం తేల్చలేని వస్తువైతే కమిషన్ దాని నమూనాకు సీలు వేయించి ల్యాబొరేటరీకి పంపవచ్చు. నివేదికకు మామూలు గడువు 45 రోజులు, ల్యాబ్ ఖర్చు మొదట ఫిర్యాదీ చేత కట్టించవచ్చు. అంచు పెచ్చు వల్ల తెగిందో, గాజులో మిగిలిన ఒత్తిడి వల్ల తెగిందో చెప్పగలిగేది ఆ పరీక్షే. అందుకు పగులు మొదలైన చోటు చెదరని పాత అద్దం కావాలి. పగులు మొదలైన అంచు తెగకుండా కోసి తీయమని ఫిట్టర్‌కు ముందే చెప్పాలి. తీశాక ఆ చోటుకు రెండు వైపులా టేపు వేసి, దుప్పటి చుట్టి, ఇంట్లో గోడవార నిలువుగా ఆనించి ఉంచాలి. పాత అద్దం తమకే వదిలేయాలని వర్క్‌షాప్ అంటే, కేసు తేలేదాకా ఇవ్వలేనని జాబ్ కార్డు మీదే రాసి తెచ్చుకోవాలి.